నేల నోటి కూడు

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త తడినైనా పట్టి ఉంచే బలం మన ఎర్రనేలకు లేదు. గరుసు నేల, సేంద్రియ కర్బనం తక్కువ. దానికి కావలసింది మన వంటింట్లోనే ఉంది. దాన్ని మనమే చెడగొట్టి పారేస్తున్నాం.

ఒకప్పుడు మన పల్లెల్లో ఇల్లు దాటి వృథాగా పోయేది దాదాపు ఉండేది కాదు. బియ్యం కడుగు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి. చెనిక్కాయ పొట్టు పొయ్యిలోకి, ఆ బూడిద అంట్లు తోమడానికి. పాత చీరలు బొంతలయ్యేవి. మిగిలిందంతా పేడతో కలిసి దిబ్బకు చేరేది, ఎండాకాలంలో బండ్లు కట్టి చేనికి తోలేవాళ్లం. పేదరికం చేయించిన పొదుపు అందులో చాలా ఉంది. అయినా నేలకు దక్కాల్సింది నేలకు దక్కింది.

తర్వాత షాంపూ సాషేలు వచ్చాయి, పాలిథిన్ కవర్లు వచ్చాయి. పాత సామాన్ల బండి ఇనుము, అట్టలు, సీసాలు కొంటుంది గానీ సాషేలను ముట్టదు. వాటిని అన్నం మెతుకులతో కలిపి ఒకే కవర్లో ముడేయడం మనకు అలవాటైంది. దాంతో రెండూ చెడ్డాయి. తడిసిన అట్టను ఎవరూ కొనరు, ప్లాస్టిక్ పీలికలున్న ఎరువును రైతు చేలో చల్లడు.

చెప్పేవాళ్లు లేక కాదు. చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) పథకం పట్టణాల్లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలిచ్చింది. చాలా ఇళ్లలో అవి నీళ్లు పట్టుకోవడానికి పనికొచ్చాయి. దాంతోపాటు వచ్చిన చెత్త పన్ను మీద గట్టిగా మాట్లాడాం, మాట్లాడాల్సిందే. ఆ పన్ను 2024లో పోయింది. వేరు చేసే అలవాటు మాత్రం రాలేదు. వేల్స్ దేశం మాత్రం 1990ల చివర నుంచి రెండు దశాబ్దాల్లో నూటికి ఐదు పాళ్లు కూడా లేని రీసైక్లింగ్‌ను 65 దాకా తెచ్చుకుంది. అక్కడ ప్రతి ఇంటి నుంచీ తిండి చెత్తను విడిగా తీసుకెళ్తారు.

ఇక్కడ జరిగే కాస్త రీసైక్లింగ్ కూడా మన పుణ్యం కాదు. చెత్తకుప్పల మీద ఒట్టి చేతులతో ఏరుకునే ఆడవాళ్ల కష్టం అది. సింకు దగ్గర అర నిమిషంలో మనం చేయగల పనికి వాళ్ల వేళ్లు గాజుపెంకులతో తెగుతున్నాయి.

గడ్డి దొరక్క కరువేళ్లలో ఎద్దులను కబేళాలకు అమ్ముకున్న జిల్లా మనది. అలాంటి చోట పశువు తినగలిగిన తొక్కలను కవర్లో బిగించి వీధిలో పడేస్తున్నాం. ఆకలికి ఆవు కవరుతో సహా మింగుతోంది.