పాత పాళీకి క్రొత్త గొట్టము

మంచి పాళీ చేతికి అలవడినప్పుడు, దానికి తగిన గొట్టమును చేయింపవలెనే గాని, దొరికిన గొట్టములోనికి ఆ పాళీని బలవంతముగ త్రోయరాదని నా అభిప్రాయము. పది రూపాయలకు పెన్ను దొరకు దినములలో ఇదియొక చర్చయా యని విద్యార్థులు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే తలచి, తగిన ఫలమును పొందితిని.

మా తండ్రిగారి ఫౌంటెను పెన్నుకు 14 క్యారట్ల బంగారు పాళీ యుండెను. అనగా వేయింట 585 వంతులు బంగారము, తక్కినవి యితర లోహములు. శనివారము రాత్రులు ఆయన తమ ప్రసంగములను దానితోనే వ్రాసికొనెడివారు. బంగారము మెత్తనిది గాన కాగితపు రాపిడికి ఓర్వజాలదు. అందుచే మొనయందు కఠినమైన మిశ్రలోహపు చిన్న గుండు నతికింతురు. ఆ గుండు సైతము ఏండ్లకొలది వ్రాయగా వ్రాయగా, వ్రాయువాని చేతివాలు ననుసరించి ఒక ప్రక్కకు అరుగును. నేను పెన్ను పట్టుకొను తీరును మా తండ్రిగారి తీరే యగుటవలన, ఆ పాళీ నాకు క్రొత్తవానికంటె సుఖముగ నడచెడిది. కొంతకాలమునకు వ్రేళ్లతో పట్టుకొను మెడభాగము పగిలి సిరా కారజొచ్చెను.

"తమ్ముడా, అది నాన్నగారి జ్ఞాపకము. పాళీ విరిగినచో మరల తేగలవా? పెట్టెలో భద్రపరచుము" అని మా అక్కగారు చెప్పిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. అయినను వ్రాయుటకై చేసిన వస్తువును వ్రాయనీయక దాచుట నాకు మనస్కరింపలేదు.

నేను చేసిన పొరపాటు తొందర. ఒక దుకాణమున పాళీని చూపగా, "ఇది 5వ నంబరు, మా గొట్టమును 5వ నంబరుదే" అనిరి. ఆ నంబరును నమ్మితిని. పాళీల నంబరులు తయారుచేయువా రందరికిని ఒక్కటి కావని నాకు అప్పుడు తెలియదు. ఒకరి 5 మరియొకరి 5 కంటె వెడల్పుగ నుండవచ్చును. వంపు వేరుగ నుండవచ్చును. వారు తమ గొట్టములోని నాలుకపైననే మా పాళీని పెట్టి గట్టిగ నొత్తిరి. ఆ నాలుక లావైనది. దాని ఒత్తిడికి పాళీచీలిక విచ్చుకొని, సిరా మొనవరకు దిగుట మానెను. ఆ రాత్రి మా అక్కగారికి ఏమి చెప్పుదునా యని నాకు నిద్రపట్టలేదు.

నాలుక యనగా పాళీక్రింద నుండు గాడిముక్క. పెన్నులో ముఖ్యమైన పని దీనిదే. సన్నని గాడులవెంట సిరా క్రిందికి దిగుచుండగా, దిగినంత సిరాకు మారుగ గాలి లోనికి పోవలెను. గాలి పోకున్న వ్రాత ఆగును, మితిమీరి పోయిన డాగు పడును. ఈ రెంటికిని సమత కుదుర్చు నాలుకకు అమెరికాలో లూయిస్ ఎడ్సన్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందెను. మా ఉన్నత తరగతుల బాలురు ప్రయోగశాలలో సన్నని గాజుగొట్టమున నీరు తనంతట పైకెక్కుటను చూచియుందురు. పాళీచీలికలో సిరాను నిలుపునదియు ఆ కేశనాళికా ధర్మమే. కావున చీలిక వెడల్పైనచో ఎంత ఖరీదుగల బంగారమైనను వ్రాయదు.

తుదకు రాజమహేంద్రవరము పోయితిని. ఆ ఊరికి ఈ పని క్రొత్త కాదు. 1932లోనే రత్నం పెన్నుల సంస్థ అచ్చట వెలసినది. స్వదేశీ కలమునకై గాంధీమహాత్ముడు 1935లో వ్రాసిన అభినందన లేఖ ఆ సంస్థకు కీర్తి తెచ్చినది. నేను చూచిన పనివాడు వేరొకడు. అతడు నంబరు మాటయే యెత్తలేదు. పాళీని భూతద్దముతో చాలసేపు చూచి, "పాత నాలుక యున్నదా, మాస్టరుగారూ?" అని యడిగెను. దైవవశమున దానిని అగ్గిపెట్టెలో దాచియుంటిని.

అతడు ముందుగ చీలికను సరిచేసి, పాళీని నాలుకను జతగ పట్టి కాలిపర్సుతో కొలిచెను. పిమ్మట నల్లని ఎబొనైటు కడ్డీని లేతు మిషనుకు బిగించి మెడకు రంధ్రము వేసెను. ఎబొనైటనగా గంధకము విశేషముగ చేర్చి కాచి గట్టిపరచిన రబ్బరు. తరచునప్పుడు ఆ గంధకపు వాసనయే వచ్చును. రంధ్రము ముందు ఇరుకుగ వేసి, పాళీని పెట్టి చూచుచు, తీయుచు, వెంట్రుకవాసి చొప్పున పెద్దది చేసెను. ఇరుకును పెద్దది చేయవచ్చును గాని పెద్దదానిని ఇరుకు చేయలేము గదా! నాలుకయు ఎబొనైటుదే గాన, వేడినీట కొలది క్షణములుంచి, మెత్తబడినప్పుడు పాళీవంపునకు అదిమి చల్లార్చెను. రెంటిమధ్య వెలుతురు కనబడరాదట. మూతలోతును సైతము పాళీపొడవును బట్టియే తీసెను. లోతు చాలనిచో మూత పెట్టినప్పుడు మొన తగిలి వంగునని చెప్పెను. ఇది నాకు తోచనే లేదు.

ప్రతి పాళీకిని ఇంత శ్రమ తగదు. మొనగుండు రాలినదానికి, మొదట పగులిచ్చినదానికి గొట్టము చేయించుట వ్యర్థము. ఖర్చును దాచుట న్యాయము కాదు: నేను ఇచ్చిన కూలితో పిల్లల పెన్నులు చాల వచ్చును. అయినను తలిదండ్రులకు నా మనవి యొకటి. బిడ్డ చేతికి కుదిరిన పాళీ యుండగా, గొట్టము పగిలినదని రెంటిని పారవేయకుడు. చేవ్రాత బాగులేదని నావద్దకు తేబడిన బాలురలో కొందరు ఏటేట పెన్ను మార్చుకొనినవారే.

పగిలిన పాత గొట్టము ఇప్పుడు మా అక్కగారి పెట్టెలో నున్నది. దానిని ఆమె యడిగి తీసికొనిరి. పాళీ నావద్ద నున్నది. ఈ వ్యాసపు చిత్తుప్రతిని దానితోనే వ్రాసితిని. మూడవ పుటలో డాగు పడినది. గొట్టములో సిరా తరిగినప్పుడు చేతివేడికి లోనిగాలి వ్యాకోచించి బొట్టును త్రోయును. ముందుగ నింపుకొనవలసినది, నేను మరచితిని.