తేట పాకానికి అంత యంత్రమా?
వెర్మాంట్‌లో సుమారు 40 లీటర్ల మేపుల్ చెట్టునీరు కాస్తే లీటరు పాకం దిగుతుంది. దాంతోపాటే కాల్షియం మాలేట్ సన్నటి ఇసుకలా విడివడుతుంది. ఇంటి మట్టుకు చేసుకునేవాళ్లు దాన్ని తీయడానికి ఫిల్టర్ ప్రెస్ కొనాలనడం అతి. డయాటమ్ మట్టి కలిపిన వేడి పాకాన్ని పలకల మధ్య కాగితాల గుండా పంపు నెడితే అద్దంలా వస్తుంది, నిజమే. కానీ ఆ మట్టిముద్దలో చిక్కుకుపోయే పాకం నాలుగు చెట్లవాడికి చిన్న నష్టమేమీ కాదు. ప్రెస్ బదులు ఫెల్టు గుడ్డలో వడకడితే అది ఇట్టే పూడుకుపోతుంది కదా అంటారు. చల్లారనిచ్చి పోస్తే పూడుకోదూ మరి! పొయ్యి మీంచి దించీదించగానే పోసి, లోపల వేసిన పలచటి గుడ్డలను ఒక్కొక్కటే తీసేస్తుంటే పాకం దిగుతుంది. మిగిలిన మడ్డి సీసా అడుగుకు చేరుతుంది, పైతేట వంచుకోవచ్చు. అమ్మేవాళ్ల సంగతి వేరు: మసక పాకానికి గ్రేడ్ ఎ ముద్ర పడదు, కాబట్టి ప్రెస్ ఖర్చు వాళ్లకు గిట్టుతుంది.