చేమమడి, బొమ్మల అట్ట
హవాయి దీవులలో 1896 నాటి శాసనం పాఠశాలలకు ఇంగ్లీషునే బోధనభాషగా విధించినది. కౌవాయి దీవిలో 1984లో వెలసిన 'పూనన లేవో' శిశుపాఠశాల పసివారి చెవికి హవాయి మాటనే వినిపించి, అడుగంటిన భాషను నిలుపబూనినది. ఇట్టి బడులలో తోటపని వట్టి ఆటవిడుపనీ, మాటలు బొమ్మల అట్టలతోనే వచ్చుననీ కొందరి వాదం. ఎంత భ్రమ! ఆ భాషలో కుటుంబం 'ఒహాన'. దానికి మూలం 'ఒహా', అనగా చేమమొక్క మొదలు చుట్టూ లేచే పిలక. తల్లిదుంపనుండి పిలకను తీసి బురదమడిలో నాటిన చేతులకే ఆ చుట్టరికం తెలియును. అట్టమీది చేమకు పిలకలు పుట్టవు. ఇక వానలకు ఆ భాషలో వందల పేర్లున్నవి. అనేకం ఒక్కొక్క చోటి వానకే చెందినవి. మబ్బు పట్టగానే పిల్లలను లోనికి తోలి తలుపు వేసే ఉపాధ్యాయిని వాటిలో దేనిని నేర్పగలదు?