ఆరడుగుల మేనల్లుడు, నాలుగడుగుల కారు

మా బావగారిది విడపనకల్లు. ఉరవకొండ దాటి బళ్ళారి పోయే దారిలో, నల్లరేగడి చేల నడుమ ఉంటుంది. వాన పడిన ఏడు మిరప, పత్తి; పడని ఏడు ఆకాశం, గాలి. గాలికి మాత్రం మా వైపు ఏనాడూ కరువు లేదు.

ఆ ఇంటి తలవాకిలి ఐదున్నర అడుగులు. మా బావ ఆరడుగుల రెండంగుళాలు. ఇల్లు కట్టిన తాతగారు పొట్టివారు కాబోలు. ముప్పై ఏళ్ళుగా మా బావ ఆ గడప దాటేటప్పుడు వంగుతూనే ఉన్నాడు. వంగడం మరచిన రోజున ద్వారబంధమే గుర్తు చేస్తూ వచ్చింది. ఆయన కొడుకు, అనగా నా మేనల్లుడు, తండ్రికంటె ఇంకొక అంగుళం పైకి పోయినాడు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చి, కనుమనాడు భోజనాలైన తరువాత ఫోనులో ఒక బొమ్మ చూపించినాడు. ఎర్రని చిన్న కారు. పైన గుడ్డ కప్పు, దాన్నీ వెనక్కు మడిచి పెట్టినారు. రెండే సీట్లు.

"ఇదేందిరా, కారా, చెప్పా?" అన్నది మా అక్క.

"మజ్దా మియాటా అంటారమ్మా. 1996 నాటిది. బేరం మాట్లాడి పెట్టినా. పోతూనే కొంటా."

"ఇద్దరికే చోటుంటే, మేమొస్తే యాడ కూర్చోల్ల?"

ఈ ప్రశ్నకు మావాడి దగ్గర జవాబు లేదు. అంతవరకు మంచం మీద పడుకొని వింటున్న మా బావ మెల్లగా లేచి కూర్చున్నాడు.

"దాని ఎత్తెంతరా?"

"నాలుగడుగులు నాయనా."

"నువ్వెంత?"

మావాడు నవ్వినాడు. నేనూ నవ్వినాను. మా బావ నవ్వలేదు.

ఆయన నవ్వకపోవడానికి కారణం ఆయన నడుములో ఉన్నది. ఇరవై ఎనిమిదేళ్ళు లారీ తోలిన మనిషి. మొదట ఎక్కిన లారీ ఎవరో పొట్టి డ్రైవరుకోసం కట్టించినది. తల కప్పుకు తగలకుండా మెడ వంచి, మోకాళ్ళు స్టీరింగుకు తగలకుండా పక్కలకు చాపి, ఎనిమిదేళ్ళు దాన్ని తోలినాడు. ఆ ఎనిమిదేళ్ళకు వెన్నుపూసలు వసూలు చేసుకున్నాయి. పంక్తిలో కూర్చొని భోంచేసి ఆయనకు పదిహేనేళ్ళయింది. పెళ్ళిళ్ళకు పోతే విస్తరి ముందు కాక గోడవార కుర్చీ వేయించుకొని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకొని తింటాడు. వియ్యాలవారికి అది గొప్పతనంగా కనబడుతుంది. అసలు సంగతి మా అక్కకూ నాకూ తెలుసు.

రెండవ లారీ కథ వేరు. చదువరులలో చాలామందికి తెలియకపోవచ్చును గాని, మన దేశంలో లారీ కొనడమంటే చాలాకాలం పూర్తి బండిని కొనడం కాదు. కంపెనీవారు చట్రం, ఇంజను, చక్రాలు, ముందు రేకు ముఖం ఇచ్చి పంపేవారు. డ్రైవరు కూర్చునే గది కూడా ఉండేది కాదు. తాత్కాలికంగా వేసిన సీటు మీద కూర్చొని, ముఖానికి తువ్వాలు చుట్టుకొని, ఆ అస్థిపంజరాన్ని బాడీ కట్టే షెడ్డుకు తోలుకుపోవాలి. విజయవాడ ఆటోనగరు, తమిళనాట నామక్కల్లు ఈ పనికి పేరుపడ్డ చోట్లు. అక్కడ వడ్రంగులూ కమ్మరులూ కలిసి గది కట్టి, సీటు వేసి, రంగులు పూసి పంపేవారు. మా బావ రెండవ లారీకి గది కట్టిన ఆచారి, ఈయనను నిలబెట్టి, కూర్చోబెట్టి, దర్జీ మాదిరి టేపుతో కొలిచినాడట. సీటుకింది పెట్టె మూడంగుళాలు తగ్గించి, వెనక చెక్కగోడను అరడుగు వెనక్కు జరిపినాడట. ఆ లారీని ఇరవై ఏళ్ళు తోలినా నడుము కొత్తగా చెడలేదు. మొదట చెడింది మాత్రం చెడిందే.

అందుచేత ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కారుకు బదులు మనిషిని కొలిచే కార్యక్రమం మొదలైంది. "గోడకు ఆనుకొని కింద కూర్చోరా," అన్నాడు బావ. మావాడు కూర్చున్నాడు. నెత్తి మీద అట్ట పెట్టి గోడకు గీత గీసి కొలిస్తే ముప్పైతొమ్మిదిన్నర అంగుళాలు. బావ తాను ముక్కాలిపీట మీద కూర్చొని, పీట ఎత్తు తీసివేసి కొలిపించుకున్నాడు: ముప్పైఏడు. నిలబడితే కొడుకు ఎక్కువ ఒక్క అంగుళమే; కూర్చుంటే రెండున్నర అంగుళాలు. తండ్రి పొడుగు కాళ్ళలో ఉన్నది. కొడుకు పొడుగు మొండెంలో ఉన్నది.

ఇరుకు కార్ల విద్యకంతకూ ఇదే ఓనమాలని తరువాత చదివి తెలుసుకున్నాను. "నేను ఆరడుగుల మూడంగుళాలు, ఈ కారు పట్టునా?" అని అడిగితే ఎవ్వరూ చెప్పలేరు. కాళ్ళు పొడుగైనవానికి మోకాళ్ళ దగ్గర ఇబ్బంది. సీటు వెనక్కు జరిగితే తీరుతుంది. మొండెం పొడుగైనవానికి నెత్తి దగ్గర ఇబ్బంది; సీటు ఎంత జరిపినా తీరదు. మన కవులు మహాపురుషుడిని ఆజానుబాహువని వర్ణిస్తారు గదా. చేతులు మోకాళ్ళదాకా ఉండడం ఏమి అందమో అని విద్యార్థిదశలో అనుకునేవాడిని. ఇప్పుడు తెలిసింది: చిన్నకారు తోలడానికి అంతకు మించిన లక్షణం లేదు! వెన్ను సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. స్టీరింగు నడిబొడ్డుకూ గుండెకూ మధ్య పది అంగుళాలైనా ఎడం ఉండాలి; లేకుంటే ప్రమాదంలో విచ్చుకునే గాలిసంచే గుద్దుతుంది.

ఈ కొలతలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవి. నెత్తి తగులుతున్నదని సీటు వీపును వెనక్కు వాల్చితే, తల దిగుతుంది. చేతులు స్టీరింగుకు అందవు. అందలేదని సీటును ముందుకు జరిపితే మోకాళ్ళు తగులుతాయి. పొట్టి దుప్పటి కప్పుకున్నవాని బాధ. కందపద్యంలో సీసమంత సమాసాన్ని ఇరికించబోయే మా విద్యార్థులను చూచినవాడిని గనుక నాకీ కష్టం సులభంగానే బోధపడింది.

కారు గీసేవారు ముందుగా మనిషి తుంటికీలు ఎక్కడ ఉండాలో ఒక చుక్క పెట్టి, అక్కడినుండి తలా, చేతులూ, కాళ్ళూ కొలుచుకుంటారు. ఆ కొలతలకు వాడే పెద్ద బొమ్మ సాధారణంగా నూరుమంది మగవాళ్ళలో తొంబైఅయిదుగురికి సరిపోయేటట్లు ఉంటుంది. అమెరికా లెక్కన సుమారు ఆరడుగుల రెండంగుళాలు. పైనున్న అయిదుగురూ వారి పాట్లు వారే పడాలి. పెద్దకారులో ఆ పాట్లు తెలియవు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియావారి కర్మాగారంనుండి కార్లు రావడం మొదలైంది. అప్పటికది మా అనంతపురం జిల్లాయే. 2022లో సత్యసాయి జిల్లాలోకి పోయింది. "సీటు పైకీ కిందికీ జరిగే బండ్లు మన పక్కనే తయారవుతాండాయి. నీకా గిద్దె ఎందుకురా?" అని మా బావ వాదన.

"ఆ బండి తోలుతుంటే గుర్రం మీద పోయినట్లుంటుంది నాయనా," అన్నాడు మావాడు. అది వాడి కల్పన కాదు. 1989లో ఈ కారును చికాగో ప్రదర్శనలో మొదట పెట్టిన మజ్దావారు చెప్పే మాటే అది: గుర్రమూ రౌతూ ఒకే దేహం కావాలని. 2016 నాటికి పది లక్షల కార్లు తయారైనవంటే ఆ మాటలో కొంత నిజం ఉండే ఉంటుంది. అయితే రౌతు కాళ్ళు నేలను రాచుకుంటుంటే గుర్రమేమిటి, గాడిదేమిటి!

పొడుగువాళ్ళు పందెపు కార్లు తోలలేదా అంటే తోలినారు. అమెరికావాడు డాన్ గర్నీ ఆరడుగుల మూడు నాలుగంగుళాల మనిషి. ఫోర్డువారి జి.టి.40 అనే కారుకు ఆ పేరు రావడానికి కారణం దాని ఎత్తు 40 అంగుళాలు కావడమే. మన భోజనాల బల్లకంటె జానెడు ఎక్కువ. ఆ వంశంలోని మార్కు-4 అనే కారును 1967 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్స్ పందెంలో గర్నీకి ఇచ్చినారు. అది ఇరవైనాలుగు గంటల పందెం. శిరస్త్రాణం పెట్టుకుంటే ఆయన తల కప్పుకు తగిలింది. ఏం చేసినారనుకున్నారు? ఆయనను వంగమనలేదు. సరిగ్గా తల ఉండేచోట కప్పును పైకి ఉబ్బించి బుడిపె చేసినారు. నున్నని కారు మీద ఆ బుడిపె, నెత్తిన బొప్పి కట్టినట్లు కనబడుతుంది. జతగాడు ఏ.జె. ఫోయిట్‌తో కలిసి గర్నీ ఆ పందెం గెలిచినాడు. ఆ బుడిపెను ఇప్పటికీ గర్నీ పేరుతోనే పిలుస్తారు.

ఆ తరువాత వచ్చిన ఒంటి సీటు పందెపుకార్లలో అటువంటి మర్యాద కరువైంది. ఇంగ్లండువాడు జస్టిన్ విల్సన్ ఆరడుగుల నాలుగంగుళాలు. 2003లో మలేసియా పందెంలో, మెడను కాపాడవలసిన సాధనమే జారి భుజాల మీద పడి, చేతులు స్వాధీనం తప్పి మధ్యలో ఆపివేయవలసి వచ్చింది. ఈ కథ చెప్పగానే మా అక్క "వద్దు నాయనా ఆ కారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. నేను చెప్పకుండా ఉండవలసింది.

మావాడు అమెరికా చేరిన తరువాతి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. అక్కడ ఉదయం పది. ఎర్రకారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరో స్నేహితుడు ఫోను పట్టుకొని మాకు చూపుతున్నాడు. మావాడు కారులోకి దిగిన తీరు బావిలోకి దిగినట్లున్నది. స్టీరింగు పైకీ కిందికీ కదలదు, ముందుకు రాదు. మోకాలు దానికి ఆనింది. తలమాటకు వస్తే, ముందు అద్దం చట్రానికి పైన నుదురు మొత్తం కనబడుతూ ఉన్నది.

"ఆ అద్దం చట్రానికీ వెనక కమ్మీకీ అడ్డంగా ఒక కట్టె పెట్టు," అన్నాడు బావ.

చిత్రమేమిటంటే, అమెరికాలో కారు పందేల మైదానాలలో కప్పులేని కార్లకు అచ్చంగా ఇదే పరీక్ష. సీట్ల వెనక బలమైన ఇనుపకమ్మీ ఉండాలి. దాని మీదినుండి అద్దం చట్రం మీదికి చీపురుకట్టె పెడితే తల దాని కిందనే ఉండాలి. కారు తలకిందులైతే బరువు పడేది ఆ రెంటిమీదే గనుక. మా బావ ఆ మైదానాలను చూడలేదు. బోల్తాపడిన లారీలను చూచినాడు.

ఎర్రకారుకు వెనక కమ్మీయే లేదు. స్నేహితుడు చేత్తో పట్టుకుని నిలిపిన కట్టె మావాడి కనుబొమల దగ్గర ఆగింది. "ఎప్పుడో ఒకసారి తోలే బండి గదా నాయనా," అన్నాడు వాడు. "బోల్తా పడేది గూడా ఒకసారే గదరా," అన్నాడు బావ. ఫోను పెట్టేసినాడు. మూడు వారాలు తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేదు. మధ్యవర్తిని నేను.

నాలుగవ వారం వాడే ఫోను చేసినాడు. 2005లో వచ్చిన మూడవ తరం మియాటా కాస్త పెద్దది. స్టీరింగు పైకి లేస్తుంది. (ముందుకు వచ్చే స్టీరింగు 2019 నుండి గాని రాలేదు, ఆ ధర మావాడికి అందదు.) 2007 నాటి వెండిరంగు కారొకటి చూచినాడు. మోకాలు తప్పుకున్నది. కట్టె పెట్టి చూస్తే తల ఒక వేలు ఎక్కువ.

"సీటు లోపల ఏముండాది?"

"స్పంజీ నాయనా."

"కోయించు. ముందు పక్క ముట్టుకోవద్దు, తొడలకు ఆనిక కావల్ల. వెనక, తుంటి కింద మాత్రం తీయించు."

పొడుగు మియాటా యజమానులలో ఈ స్పంజీ కోత ప్రసిద్ధమైన శస్త్రచికిత్స అట. సీటు పక్కలో గాలిసంచి ఉంటుంది గనుక అటువైపు కత్తి పోకూడదు. మావాడు సీట్లు కుట్టేవాని దగ్గర చేయించినాడు. వెనక కమ్మీ కూడా బిగించినాడు; దానికైన ఖర్చు మా అక్కకు ఇంకా చెప్పలేదు. ఈసారి కట్టె పెట్టినప్పుడు తలకూ కట్టెకూ మధ్య స్నేహితుడు వేళ్ళు దూర్చి చూపించినాడు. రెండు వేళ్ళు పట్టినవి.

మా బావ సంతోషించినట్లు కనబడలేదు. "కూర్చుంటే తెలీదు. నూరు మైళ్ళు తోలి, దిగి, నిలబడి వంగి బూట్ల దారాలు కట్టుకో. అప్పుడు ఫోను చెయ్," అన్నాడు.

రాత్రి రెండున్నరకు ఫోను మోగింది. బావ మేలుకొనే ఉన్నాడు.

"కట్టుకున్నా నాయనా."

"రెండు కాళ్ళవీనా?"