ఐదో కాంటూరు లోపల గట్లు లేవనివ్వకండి

ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి,

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి. ఆ నీరు సముద్రం చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సులో అడ్డంగా లేచే ప్రతి చెరువు గట్టూ వరదను పక్క ఊళ్ల మీదికి తోస్తుంది. బుడమేరు పొంగితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో విజయవాడ కళ్లారా చూసింది.

1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వమే అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో యంత్రాలు దిగి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి.

మళ్లీ గట్లు లేచాయి.

కొల్లేటి ఒడ్డున ఆటపాకలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకుంటాయి. వాటిని చూడటానికి జనం పడవెక్కుతారు. ఆ పక్షులకు కావలసింది పారే నీరు, నాటు చేప. తరతరాలుగా వలలు, మావులు వేసి బతికే లంక గ్రామాల వాళ్లకు కావలసిందీ అదే. మేతలు, మందులు కలిసిన చెరువు నీరు సరస్సులోకి వదిలితే ముందు నష్టపోయేది వాళ్లే.

అభయారణ్యంలో జిరాయితీ భూములున్న రైతుల గోడు న్యాయమైనదే. వాళ్లకు పరిహారం తేల్చాలి. ఆ పేరు చెప్పి ప్రభుత్వ భూమిని లీజుల వ్యాపారానికి వదిలేయడం మాత్రం తప్పు.

కలెక్టర్ గారూ, సరిహద్దు రాళ్లు పాతించండి. ఉప్పుటేరు పూడిక తీయించండి. వచ్చే వానాకాలం లోపే అక్రమ గట్లు తీయించండి.