పెద్దలకు ఆట నిషిద్ధమా?

గత మాసమున జనగామలో ఒక పాఠశాల ఆవరణమందలి సిమెంటు నేలపై, స్కేట్లు కట్టుకొని, నేను వెల్లకిల పడితిని. చూచినవారిలో నా కక్షిదారు డొకడుండెను. "వకీలుసాబ్, గీ వయసుల మీకిదేం పని?" అని నన్ను లేవనెత్తుచు నడిగెను. ఆతని ప్రశ్నకు ఉత్తరమే యీ వ్యాసము.

హైదరాబాదున కళాశాలలో చదువుకొను దినములలో నేనీ విద్య నేర్చితిని. పట్టా చేతికి వచ్చెను, నల్లకోటు మేనికి వచ్చెను, స్కేట్లు అటకెక్కెను. పిమ్మట ఇరువదియేండ్లకు పైగా కుర్చీయే నా లోకమయ్యెను. ఇప్పుడు మా అమ్మాయి స్కేటింగు నేర్వబోగా, ఆమె జోళ్ల త్రాళ్లు బిగించుచుండ నాకును పాత కోరిక మేలుకొనినది.

మన పట్టణములలో ఆట బాలుర హక్కనియు, మీసము నెరసినవాడు గట్టున కూర్చుండి చూడవలసినదే యనియు ఒక యలిఖిత శాసనము చెల్లుచున్నది. దీనిని ఏ సభ ఆమోదించెనో చూపుడని నేనడుగుచున్నాను.

1863లో న్యూయార్కునందు జేమ్స్ ప్లింప్టన్ పేటెంటు పొందిన నాలుగు చక్రముల స్కేటున, దేహ మేవైపునకు వ్రాలిన చక్రము లావైపునకే తిరుగును. కావున దీనికి బలముకంటె తూకము ముఖ్యము. వయస్సుతో తూకము తగ్గుట నిజమే. అభ్యాసముచే కొంత తిరిగివచ్చుటయు నిజమే. మోకాళ్లు వంచి, చూపు ముందుకు నిలిపి సాగవలెను. పడక తప్పనప్పుడు వెనుకకు గాక ముందుకు, కవచములమీద పడ నేర్వవలెను. ఇరువదియేండ్లవాడు పడి నవ్వుకొనును. నలువదులవాని మణికట్టు విరుగవచ్చును. శిరస్త్రాణమును, మణికట్టు మోచేయి మోకాలి కవచములును లేక చక్రము కట్టరాదు. నామోషీయని మొదటి దినమున నేను వీనిని విడిచితిని. ఫలితము పైన విన్నవించితిని.

అసలు చిక్కు నేలతో. వ్యాజ్యముల పనిమీద మహబూబాబాదునకును భూపాలపల్లికిని పోవుచుందును. యాసంగి కోతల వేళ దారిపొడవున నున్నని తారుమీద వడ్లు ఆరుచుండును. ఆ నేల చట్టమున రైతుది కాకున్నను న్యాయమున ఆతనిదే. దాని జోలికి మనము పోరాదు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గులారీలు తిరుగు బాట ఇందుకు బొత్తిగా పనికిరాదు. ఒక్క బొగ్గుపలుకు చక్రమున కడ్డుపడిన మనిషి కూలును.

2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములైనవి. కచ్చేరీలకు నేల దొరికినది. పురపాలక సంఘములు ఒక్కొక్క ఉద్యానమున కొంత నున్నని సిమెంటు నేల వేయించి, సాయంకాలము పిల్లలకును ఉదయ మొక గంట పెద్దలకును విడువలేవా? నీళ్లకు ధనము చాలనిచోట ఈ విలాసమేల యందురు. నీళ్లే ముందు, కాదనను. కాని ఒక సిమెంటు నేలవలన ఏ కొళాయియు ఎండిపోదు.

హైదరాబాదువాడైన యామా అనూప్ కుమార్ 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడలయందు రోలర్ స్కేటింగున రెండు కాంస్యపతకములు గెలిచెను. 2015 సంవత్సరపు అర్జున పురస్కారము నందెను. మనము పత్రికలో చదివి మెచ్చుకొంటిమి. మాకు పతకము లక్కరలేదు, నేల కావలెను.

ఇప్పుడు మేము ముగ్గురమైతిమి. పాఠశాల గంట మ్రోగక మునుపే ఆవరణము విడువవలెను గనుక, మాకు చిక్కునది దినమునకు నలువది నిమిషములు.