దొంగను కొడితే కేసు మీ మీదే

సంపాదకులకు,

కారు స్టీరియో దొంగ చేతికి చిక్కితే స్తంభానికి కట్టి బుద్ధి చెప్పాలని, ఇంత చిన్న సొత్తుకు ఠాణా మెట్లెక్కడం దండగని మీ పత్రికలో రాశారు. రెండూ తప్పే.

కళ్లెదుట దొంగతనం చేస్తున్నవాణ్ని పట్టుకునే హక్కు మామూలు మనిషికీ ఉంది. ఆ హక్కు ఇచ్చే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షనే, ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలనీ చెబుతుంది. కట్టేసి కొట్టే హక్కు ఎక్కడా లేదు. తగలరానిచోట దెబ్బ తగిలి ప్రాణం పోతే కొట్టినవాళ్లే ముద్దాయిలు. ఒక సెట్టు కోసం మనిషిని చంపుకుంటామా?

ఇక చిన్న సొత్తు సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. నాలాంటి టాక్సీవాళ్ల బండిలోంచి ఎత్తుకెళ్తే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా పడొచ్చు. దొంగసొత్తని తెలిసి కొన్నవాడికి 317 ఉంది. సగం ధరకు కొనేవాళ్లు ఉన్నన్నాళ్లూ మన అద్దాలు పగులుతూనే ఉంటాయి. మనం ఫిర్యాదే ఇవ్వకపోతే వాళ్ల దాకా ఎవరు పోతారు?

అసలు చెప్పాల్సింది వదిలేశారు. సీరియల్ నంబరు స్టిక్కరు సెట్టు ఒంటిమీద ఉంటుంది, డాష్‌బోర్డులో బిగించాక కనబడదు. బిగించకముందే ఫోటో తీసి బిల్లుతో పాటు దాచుకోండి. రికవరీలో దొరికిన సెట్టు మీదేనని చూపించేది అదే. షాపులో విడిగా వేయించుకున్న సెట్టును బీమా పాలసీలో ప్రత్యేకంగా రాయించండి, లేకపోతే క్లెయిము దగ్గర ఇబ్బంది పడతారు.

– ఒక టాక్సీ డ్రైవర్, సిద్దిపేట